‘బెంగాల్’ అను చిన్న కాపలా నౌక

ఒక సంవత్సరము నౌకాదళ దినోత్సవమునకు ప్రత్యక్ష వ్యాఖ్యానము చెప్పుటకై మేము విశాఖపట్టణము వెళ్లితిమి. సముద్రతీరమున ఇసుక వేసిన రాలనంత జనము. మా చేతనున్న కాగితములలో పెద్ద నౌకల పొడవు, బరువు, వేగము, అవి గడించిన కీర్తి అన్నియు వరుసగా వ్రాసియుండెను. కడపట ఒక చిన్న గస్తీ నౌక వచ్చెను. దానికి మా కాగితమున ఒక్క వాక్యము మాత్రమే కేటాయింపబడినది. ఆ వాక్యము ముగియులోపలనే అది మా యెదుటినుండి దాటిపోయెను. ప్రక్కన నిలుచున్న వృద్ధ జాలరి యొకడు, “ఆ సిన్నదాని పేరేటి బాబూ?” అని అడిగెను. మాకు తెలియదంటిమి. “అయ్యో, పెద్దవి పండక్కి కనిపిస్తాయి. రోజూ మాకు కనిపించీది అదే గదా!” అని అతడు నవ్వెను.

ఆ మాట మమ్ములను విడువలేదు. తిరిగి వచ్చిన పిదప తీరమును కాచు చిన్న నౌకలను గూర్చి దొరికినంత చదివితిమి. ఆ చదువులో తగిలినదే ‘బెంగాల్’ కథ.

పెద్ద యుద్ధనౌక పోరునకై పుట్టినది. తీరపు గస్తీ నౌక పని వేరు. శత్రువు రాత్రివేళ రేవు వాకిట విడిచిపోయిన మైనులను ఊడ్చి దారి తెరచుట, నీటి క్రింద జలాంతర్గామి జాడ పట్టుట, సరకు నౌకలను ఒక రేవునుండి మరియొక రేవునకు దిగబెట్టి వచ్చుట, మునిగిన ఓడవారిని ఏరుకొని తెచ్చుట — ఇవి దాని నిత్యకృత్యములు. వేకువనే లేచి వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లు ఇల్లాలి పని వంటిది. చేసిన దినమున ఎవ్వరును గమనింపరు.

1938వ సంవత్సరమున ఆస్ట్రేలియా నౌకాదళమువారికి ఒక చిక్కు ఎదురాయెను. వారి తీరము మిక్కిలి పొడవైనది, నౌకలు బహు కొద్ది. జలాంతర్గాములను వెదకుటకొక తెగ, మైనులను ఊడ్చుటకొక తెగ అని రెండు విధముల ఓడలను వేర్వేరుగా కట్టించు స్తోమత లేదు. రెండు పనులును ఒక్క ఓడయే చేయవలెను. అదియును పరదేశమునుండి కొని తెచ్చినది గాక, తమ కర్మాగారములలో తమ పనివారు కట్టగలిగినదై యుండవలెను. మొదట వారు తలచినది అయిదువందల టన్నుల చిన్న పడవ. లెక్కలు వేయగా వేయగా అది పెరిగెను. తుదకు నిర్ణయమైన నమూనా 680 టన్నులు, పదునైదున్నర నాట్ల వేగము, ఒక్కమారు ఇంధనము నింపుకొనిన 2,850 నాటికల్ మైళ్లు పోగల శక్తి కలది. మొదటి నౌక పేరునుబట్టి దీనిని ‘బాథర్స్ట్’ తరగతి యనిరి. అధికార పత్రములలో ‘ఆస్ట్రేలియా మైన్‌స్వీపర్’ అని వ్రాసికొనిరి. జనము మాత్రము ‘కొర్వెట్టు’ అనియే పిలిచిరి. జనము పెట్టిన పేరే నిలిచినది.

నౌక పొడవు 186 అడుగులు, వెడల్పు 31 అడుగులు. నీటిలో మునుగు లోతు సుమారు ఎనిమిదిన్నర అడుగులు మాత్రమే. ఈ కడపటి సంఖ్యయే దాని ప్రయోజనమునకు కీలకము. లోతు తక్కువ కావున పెద్ద నౌకలు రాలేని చోట్లకు, ఇసుక మేటలున్న రేవు ముఖములకు, అది పోగలదు. లోపల సుమారు ఎనుబదియైదుగురు మనుష్యులు, వారి తిండి, వారి నీరు, వారి మందుగుండు. ఇంత ఇరుకులో ఉష్ణమండల సముద్రములపై నెలల తరబడి కాపురము! అల కొంచెము లేచినను ఓడ ఊయలవలె ఊగెడిదని అందు పనిచేసిన వారందరును చెప్పినదే.

యంత్రములు రెండు. ఆవిరి మూడు అంచెలలో వ్యాపించి ముషలములను త్రోయు పాతకాలపు యంత్రములవి. అప్పటికే పెద్ద యుద్ధనౌకలకు టర్బైనులు వచ్చియుండగా, ఈ పాత యంత్రములేల యని అడుగవచ్చును. టర్బైను కట్టుటకు సూక్ష్మమైన పనిముట్లు, ఆరితేరిన నిపుణులు కావలెను. పాత యంత్రమైనచో రైలు ఇంజనులు చేయు కర్మశాలలవారు కూడ దాని భాగములను చేయగలరు. ఆ వివేకమువలననే ఎనిమిది కర్మాగారములలో మొత్తము అరువది నౌకలు తయారైనవి. అందు ముప్పదియారు ఆస్ట్రేలియా తనకై కట్టించుకొనినది. ఇరువది బ్రిటిష్ అడ్మిరాల్టీ సొమ్ముతో కట్టబడి, ఆస్ట్రేలియా నావికులచే నడపబడినవి. మిగిలిన నాలుగు భారతదేశమునకు వచ్చినవి.

ఆయుధములలో మమ్ములను మిక్కిలి ఆకర్షించినది ఆస్డిక్ అను ధ్వనియంత్రము. ధ్వనితో బ్రదుకు మావంటివారికి అది సహజమే కదా! ఓడ అడుగుననుండి ఒక చిన్న శబ్దమును నీటిలోనికి పంపుదురు. ఎదుట ఏదియు లేకున్న అది తిరిగి రాదు. జలాంతర్గామి యున్నచో దాని ఉక్కు గోడకు తగిలి ప్రతిధ్వని వచ్చును. పోయి వచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము, శబ్దము పంపిన దిక్కునుబట్టి దాని చోటు తెలియును. చెవులకు గొట్టములు తగిలించుకొనిన నావికుడు గంటలకొలది ఆ ఒక్క ధ్వనికై కాచియుండవలెను. తిమింగిలమునుండియు, చేపల గుంపునుండియు కూడ ప్రతిధ్వని వచ్చును. వానికిని జలాంతర్గామికిని భేదము చెప్పగలుగుట ఆ నావికుని చెవి నేర్పు. జాడ దొరికిన వెంటనే ఓడ దానిమీదుగా సాగి, వెనుకనుండి మందు నింపిన పీపాలను నీటిలోనికి విడుచును. ఎంత లోతున ప్రేలవలెనో ముందే అమర్చి పెట్టుదురు. ఈ తరగతిలోని ‘డెలొరెయిన్’ 1942 జనవరి 20వ తేదీన డార్విన్ రేవు చెంత ఐ-124 అను జపాను జలాంతర్గామిని ఈ విధముగనే ముంచెను.

మైనులను ఊడ్చుట మరియొక విద్య. ఓడ వెనుక పొడవైన ఇనుప త్రాడు ఒక ప్రక్కకు చాచుకొని సాగును. త్రాడునకు కత్తెరలవంటి పనిముట్లు. నీటి అడుగున బరువునకు కట్టబడి తేలుచున్న మైను గొలుసు ఆ త్రాడునకు చిక్కి తెగును. మైను పైకి తేలును. అప్పుడు దూరమునుండి తుపాకితో కాల్చి దానిని ప్రేల్చుటయో, ముంచుటయో చేయుదురు. చెప్పుటకు సులభము. త్రాడునకు తగులవలసిన మైను ఓడకే తగిలినచో కథ అంతటితో సరి.

ఇక మన దేశము మాట. 1939లో యుద్ధము మొదలగునాటికి రాయల్ ఇండియన్ నేవీయందున్న మనుష్యులు రెండువేలకు మించలేదు. యుద్ధము ముగియునాటికి ఆ సంఖ్య పాతికవేలు దాటినది. మనుష్యులను చేర్చుకొనుట ఒక ఎత్తు, వారికి ఓడలు సమకూర్చుట మరియొక ఎత్తు. భారతదేశమునకై ఆస్ట్రేలియాలో కట్టబడిన నాలుగింటికిని బెంగాల్, బొంబాయి, మద్రాసు, పంజాబ్ అని రాష్ట్రముల పేర్లు పెట్టిరి. మన కోస్తా జిల్లాలును, రాయలసీమయు ఆనాడు మద్రాసు రాష్ట్రమున భాగములే కావున, ఆ పేర్లలో ఒకటి మనకును చెందినదే. వీనిలో ‘బొంబాయి’ 1942 మే 31వ తేదీ రాత్రి సిడ్నీ రేవున నిలిచియుండగనే జపానువారి బుల్లి జలాంతర్గాములు ఆ రేవులోనికి చొరబడినవి.

అంతకు రెండు నెలల ముందే యుద్ధము మన వాకిటికి వచ్చియుండెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ కొద్ది దినములలో బంగాళాఖాతమున జపాను నౌకలును, వాని విమానములును ముంచిన సరకు ఓడలు ఇరువదికి పైమాటయే. వానికి తోడుగా వచ్చు కాపలా నౌక లేదు. ఒంటరిగా, తీరము వెంబడి, ఒకదాని వెనుక ఒకటి పోవుచున్న ఓడలవి. కాపలా నౌక చిన్నదైనను దాని విలువ ఏమో మన తీరపు ప్రజలకు ఆ వారము తెలిసినట్లు మరెన్నడును తెలిసియుండదు.

‘బెంగాల్’ సిడ్నీలోని కొకటూ ద్వీపపు కర్మాగారమున తయారై 1942 ఆగస్టులో కొలువునకు వచ్చెను. నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ విలియం జోసెఫ్ విల్సన్. నావికులు భారతీయులు. దాని ఫిరంగిని గూర్చి గ్రంథములలో భేదము కలదు. తరగతికి ఏర్పరచినది నాలుగంగుళముల ఫిరంగి కావున కొందరు దానినే బెంగాల్‌కును చెప్పిరి. వివరముగా వ్రాసినవారు మాత్రము అట్టి ఫిరంగి అందక, పన్నెండు పౌనుల గుండు వేయు మూడంగుళముల ఫిరంగి నొకదానిని బిగించి పంపిరని చెప్పుచున్నారు. మాకు ఈ రెండవ మాటయే నమ్మదగినదిగా తోచుచున్నది. ఆనాడు ఆయుధముల కరవు అట్టిది. ఏ లెక్కన చూచినను ముందుభాగమున ఉన్నది ఒక్క ఫిరంగి, విమానములను తరుముటకు కొన్ని చిన్న ఓర్లికాన్ తుపాకులు. అంతే.

నవంబరు 5వ తేదీన బెంగాల్ ఫ్రీమాంటిల్ రేవునుండి బయలుదేరెను. వెంట ‘ఓండీనా’ అను డచ్చి తైలనౌక. పోవలసినది హిందూమహాసముద్రము నడుమనున్న డియెగో గార్షియా దీవికి. ఓండీనా ఆరువేల టన్నులకు పైబడినది, వేగము పండ్రెండు నాట్లు. వెనుకభాగమున ఒక నాలుగంగుళముల ఫిరంగి, దానికి ముప్పదిరెండు గుండ్లు. అధికారులు డచ్చివారు, నావికులలో పెక్కుమంది చీనావారు, ఫిరంగి దగ్గర కొందరు బ్రిటిష్ సైనికులు. కప్తాను పేరు విల్లెం హార్స్‌మన్.

నవంబరు 11, మధ్యాహ్నము కావచ్చినది. కోకోస్ దీవులకు నైరుతి దిక్కున, కనుచూపు మేర నేలలేని చోట, రెండు ఓడలు కనిపించెను. అవి జపానువారి ‘హొకొకు మారు’, ‘ఐకొకు మారు’. ప్రయాణికుల నౌకలుగా రూపొంది, యుద్ధము రాగా దాడినౌకలుగా మార్చబడినవి. ఒక్కొక్కటి పదివేల టన్నులు దాటినది, వేగము ఇరువదియొక్క నాట్లు. ఒక్కొక్కదానిపై ఆరెనిమిది పెద్ద ఫిరంగులు, టార్పీడో గొట్టములు, సముద్రవిమానములు. ఆ సంవత్సరమే మే నెలలో ‘జెనోటా’ అను మరియొక డచ్చి తైలనౌకను ఈ రెండును కలిసి పట్టుకొనిపోయి యుండెను. ఓండీనావారికి ఏమి జరుగనున్నదో ఊహించుట కష్టముకాదు.

విల్సన్ చేసిన పని రెండు మాటలలో చెప్పవచ్చును. ఓండీనాను తనంత తాను తప్పించుకొనిపొమ్మని, ఫలానా చోట కలిసికొందమని సంకేతమిచ్చెను. తన ఓడను శత్రువువైపు త్రిప్పెను. ఏడువందల చిల్లర టన్నుల ఓడ, ఇరువదివేల టన్నులకు ఎదురు నడచెను! గస్తీ నౌకకు యుద్ధము చేయు శక్తి లేకపోవచ్చును. తాను కాపాడవలసినదానికిని శత్రువునకును నడుమ నిలుచుట దాని ధర్మము. ఆ ధర్మమున ఓడుదునా గెలుతునా అను ప్రశ్నకు చోటు లేదు.

హార్స్‌మన్ లెక్క వేరు. పండ్రెండు నాట్ల ఓడ ఇరువదియొక్క నాట్ల ఓడనుండి తప్పించుకొని ఎచ్చటికి పోగలదు? పారిపోవుటకంటె పోరుటయే మేలని అతడు ఓండీనాను నిలిపి తన ఒక్క ఫిరంగిని ప్రయోగింపజేసెను. రెండు చిన్న ఫిరంగులును హొకొకు మారుపైననే గురిపెట్టినవి. కొంతసేపటికి దాని కుడిప్రక్క టార్పీడో గొట్టములున్న చోట ఒక గుండు తగిలెను. అచ్చటి టార్పీడోలు ప్రేలెను. సముద్రవిమానముల పెట్రోలు అంటుకొనెను. మంట వెనుకనున్న మందుగుండు గదికి ప్రాకెను. అంతట మహావిస్ఫోటముతో హొకొకు మారు మునిగిపోయెను. అందున్న 354 మందిలో 76 మంది మరణించిరి. మృతులలో దాని నాయకుడును ఒకడు.

ఆ గుండు ఎవరిది? ఎనుబది సంవత్సరములు గడచినను తెగని వ్యవహారమిది. భారతదేశమున వ్రాయబడిన చరిత్రలలో అది బెంగాల్ గుండు. హాలండులో వ్రాయబడినవానిలో ఓండీనా గుండు. ఇరువురును ఆ సమయమున కాల్చుచునే యుండిరి, ఇరువురును తమ గుండు తగులుట చూచితిమనిరి. మేము మన నౌక పక్షమున వాదింపవలెనని మొదట ఉత్సాహపడితిమి. కాని ఫిరంగుల పరిమాణమును, గుండు చేసిన చేటును తూచి చూడగా మొగ్గు ఓండీనావైపే కనబడుచున్నది. అట్లని బెంగాల్ పాత్ర తగ్గదు. అది ఎదురు రాకున్నచో హొకొకు మారు తన ఫిరంగులన్నిటిని మొదటి నిమిషమునుండియే ఓండీనాపై త్రిప్పియుండెడిది.

ఇంతలో ఐకొకు మారు సమీపించెను. బెంగాల్‌కు గుండ్లు తగిలినవి, ఒక చోట నిప్పంటుకొనెను. మందుగుండు దాదాపుగా అయిపోయెను. విల్సన్ పొగతెర కల్పించి తప్పుకొనెను. ఆశ్చర్యమేమనగా అంత పోరులోను బెంగాల్‌పై ఒక్కడైనను చావలేదు.

ఓండీనా కథ అంత సులభముగా ముగియలేదు. ఉన్న గుండ్లన్నియు వేసి, ఇక లాభము లేదని హార్స్‌మన్ ఓడను విడువుడని ఆజ్ఞాపించెను. అంతలోనే ఒక గుండు బ్రిడ్జిపై పడి అతడే మరణించెను. తక్కినవారు చిన్న పడవలలోనికి దిగిరి. ఐకొకు మారు దగ్గరకు వచ్చి రెండు టార్పీడోలను తైలనౌక ప్రక్కలోనికి విడిచెను. పిదప నీటిపైనున్న ఆ చిన్న పడవలపై మరతుపాకులు పేల్చెను. మునిగిన తమ నౌకవారిని ఎక్కించుకొని, ఇంకొక టార్పీడో విడిచి, అది గురితప్పగా, ఎట్లును మునిగిపోవునుగదా యని వెడలిపోయెను.

ఓండీనా మునుగలేదు. తైలము నింపవలసిన గదులు ఖాళీగా గాలితో నిండియుండుటయే దానిని తేల్చినది. ఒక ప్రక్కకు ఒరిగి తేలుచున్న ఆ ఓడను చూచి, చిన్న పడవలలోనివారు తిరిగి ఎక్కిరి. రెండవ ప్రక్క గదులలోనికి నీరు నింపి ఓడను నిలబెట్టిరి. మంటలార్పి, యంత్రములను మరల నడిపి, ఫ్రీమాంటిల్ దారి పట్టిరి. గాయపడినవారికి వైద్యము కావలెను. నిస్తంత్రిపై సహాయమును కోరిరి. రేవువారు సంకేతభాషలో మీ చోటు చెప్పుడనిరి. సంకేతగ్రంథము లెక్కడివి? ఓడ విడుచునపుడే శత్రువునకు చిక్కకుండ సముద్రమున పారవేసియుండిరి. సాదా భాషలో వచ్చిన ఆ పిలుపును రేవువారు శత్రువు పన్నిన వలయని అనుమానించిరి. మేము రేడియోలో పనిచేయుదుము. మాట వినబడియు నమ్మబడక పోవుటకంటె భయంకరమైన స్థితి మాకు తోచదు. ఎట్లైననేమి, నవంబరు 18వ తేదీన ఓండీనా రేవు చేరెను.

ఈ మధ్యకాలమున బెంగాల్ కూడ సురక్షితముగా రేవు చేరి, ఓండీనా పోయినదనియే తలచి వర్తమానమిచ్చియుండెను. విడిచిపోయినారను మాట డచ్చివారిలో కొందరి మనస్సులలో ఉండిపోయినదన్న వింతకాదు. చిన్న పడవలో కూర్చుండి, పొగలోనికి మరుగగు కాపలా నౌకను చూచినవాని బాధను మనము కాదనలేము. కాని గుండ్లు నిండుకొనిన ఓడ అచ్చటనే నిలిచి చేయగల ఉపకారమేమి? అది కూడ మునిగియున్నచో ఆ దాడినౌకలు ఎచ్చట తిరుగుచున్నవో చెప్పుటకు మనిషియే మిగిలెడివాడు కాడు. ఈ వాదమున మేము విల్సన్ పక్షమే.

బెంగాల్ బొంబాయి చేరినపుడు గొప్ప స్వాగతము జరిగెను, పతకములు ఇచ్చిరి. చరిత్ర గ్రంథములలో విల్సన్ పేరు సులభముగా దొరకును. ఆ ఒక్క ఫిరంగికి గుండ్లందించినవారెవరు, బాయిలరు గదిలో నిలిచినవారెవరు అని వెదకినచో పేర్లు చాల కొద్దిగా దొరకును. అదే నౌకాదళపు సామాన్య నావికులు 1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలో ‘తల్వార్’ అను సంకేతవిద్యా శిక్షణాలయమున, తిండి బాగుగ లేదనియు, అధికారుల దూషణలు పడలేమనియు సమ్మె కట్టిరి. నాలుగు దినములలో అది కరాచీ మొదలు ఇతర రేవులకు ప్రాకెను. 1942లో పతకములు పంచిన ప్రభుత్వము ఆ నాలుగేండ్లలో వారి భోజనపు బల్లవైపు చూచినట్లు కనబడదు.

ఐకొకు మారు 1944 ఫిబ్రవరిలో ట్రూక్ దీవుల కడ అమెరికా విమానముల దాడిలో మునిగినది. ఓండీనా బాగుచేయబడి మరల సముద్రమెక్కి, 1959లో పాత ఇనుముగా మారెను. బెంగాల్ స్వాతంత్ర్యానంతరము భారత నౌకాదళమున కొనసాగి, 1960లో కొలువు చాలించెను. విశాఖపట్టణమున యుద్ధకాలపు నౌకాస్థావరమునకు పెట్టిన ‘సర్కార్స్’ అను పేరు నేటికిని నిలిచియున్నది.

ఆ అరువది నౌకలలో నేడు చూడదగినవి రెండే. ‘వ్యాలా’ అను నౌకను అదే పేరు గల పట్టణమున నేలపైకెక్కించి నిలిపిరి. ‘కాసిల్మెయిన్’ మెల్బోర్న్ చెంత విలియమ్స్‌టౌనున నీటిపైననే ప్రదర్శనశాలగా నున్నది. బెంగాల్ పుట్టిన కొకటూ ద్వీపమున ఓడల పని ఆగిపోయి చాల కాలమైనది. 2010లో అది ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినది. పడవనెక్కి పోయి ఆ పాత రేవును, పని నిలిచిన క్రేనులను ఎవరైనను చూడవచ్చును.